ఏడో రోజు అభ్యంతరం

ఆ ఉదయం కూర్మనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, ప్లీడరు లింగరాజును కలిసి, లమ్మడా పేటలో తాను అడ్వాన్సు కట్టి కొనబోయే మూడో అంతస్తు ఫ్లాటుకి టైటిల్ ఇన్సూరెన్స్ చేయించి, పదింటికల్లా పబేడాన్‌ పేటలో తన గాజుల కొట్టు తెరవాలి. బర్మాలో ఇరవై రెండేళ్ల అద్దె బతుకు తర్వాత సొంతిల్లు మరి! భయం ఉండదా?

"అది కొన్ని దేశాల్లో ఉన్నాది, ఇక్కడ దొరకదు" అన్నాడు లింగరాజు. "కొన్నప్పుడు ఒక్కసారి కడితే చాలు. రేపెవడో పాత కాయితం పట్టుకొచ్చి ఇల్లు నాదంటే కంపెనీయే కోర్టుకెళ్తాది, నష్టం బరిస్తాది. మనకి పేపర్లో నోటీసే గతి. ఈ ఇల్లు మా క్లయింటు కొంటన్నాడు, హక్కున్నోళ్లు ఏడ్రోజుల్లో కాయితాలు తెండని ఏయిస్తాం."

"ఏయించండి గానీ మా ఆవిడికి సెప్పకండి బాబూ. అనుమానం తగిలితే నిద్రపోదు" అని బతిమాలాడు కూర్మనాథం.

ఆరు రోజులు నిక్షేపంగా గడిచాయి. ఏడో రోజు మధ్యాహ్నం ప్లీడరు గుమాస్తా ఫోన్ చేశాడు.

"ఎవరో ఆవిడ అభ్యంతరం తెచ్చారండి. ఆ ఫ్లాటుకి అడ్వాన్సు కట్టిన రసీదు కూడా ఉన్నాది. పేరేటంటే..."

పేరు వినే ఓపిక ఎవరికుంది? ఒకే ఇంటికి ఇద్దరి దగ్గర అడ్వాన్సా! కూర్మనాథం ఫోన్ పెట్టేసి, కొట్టు మూసేసి, చెమటలు కక్కుతూ మూడంతస్తులెక్కాడు. ఇల్లు అమ్ముతున్న డా న్యోన్యో మీద వచ్చినంత బర్మీస్‌లో విరుచుకుపడ్డాడు. పెద్దావిడకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"నన్ను దొంగంటావా? రేపే నీ అడ్వాన్సు నీ మొహాన కొట్టి ఇంకొకరికి అమ్ముకుంటాను!" అని తలుపు దబాలున వేసేసింది.

అయిపోయింది, ఇల్లు పోయింది! ఏడుపొక్కటే తక్కువగా ప్లీడరు ఆఫీసు చేరాడు. అక్కడ గుమాస్తా ఎదురుగా రసీదు పట్టుకుని, కదిలేది లేదన్నట్టు కూర్చుని ఉంది అతని భార్య వెంకమ్మ.

"నువ్వేటే ఇక్కడ?"

"అరవకండి, మీకసలే బీపీ. ఎవడో మనిల్లు కొనేస్తన్నానని పేపర్లో ఏయించీసినాడు. మీకు సెప్తే పడిపోతారని నానే వచ్చీసినాను. మన రసీదుండగా ఆడెలా కొంటాడో సూస్తాను!"

"ఓసి నీ తెలివి తగలెయ్యా, ఆడు నానేనే!"

వెంకమ్మ రసీదు గబగబా మడిచి కొంగు కింద దాచేసింది.

ఆ సాయంత్రం ఇద్దరూ పులిహోర గిన్నెతో మూడంతస్తులూ ఎక్కి డా న్యోన్యోకి చేతులు జోడించారు. సంగతంతా విని ఆవిడ కడుపు పట్టుకుని నవ్వి, పులిహోర తిని, ఇల్లు మీకేనంది.

మర్నాడు అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నట్టు వెంకమ్మ చేత సంతకం పెట్టిస్తూ లింగరాజు కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఆ ఇన్సూరెన్సు ఇక్కడున్నా లాభం లేదు కూర్మనాథం గారూ. ఇంటావిడ అభ్యంతరాలకి ఏ కంపెనీ పూచీ పడదు."