పొడుగాయన మానేసిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున్న పొడుగాయన వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. మధ్యాహ్నం కచేరీకి ముందు బ్యాండులో మిగతా ముగ్గురినీ కూర్చోబెట్టి తాను మానేస్తున్నానని చెప్పాలి. చెప్పేసి, ఆఖరిసారి వాయించేసి, ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని పడుకోవాలి. అంతే.

నిజానికి పొడుగాయన పొట్టివాడు. కళ్లజోళ్ల దుకాణంలో పని. ఒకప్పుడు ప్రపంచాన్నంతా ఊపేసి విడిపోయిన ఓ రాక్ బృందాన్ని అచ్చుగుద్దినట్టు అనుకరించే బ్యాండులో బేస్ గిటారు వాయిస్తాడు. అసలు బృందంలో ఆ గిటారు వాయించినాయన తాటిచెట్టంత మనిషి. అందుకని ఈయన జానెడు మడమల బూట్లు తొడుక్కుని, భుజాల దాకా విగ్గు పెట్టుకుని ఆయనగా చలామణీ అవుతున్నాడు. పొడుగాయన అన్న పేరు అలా ఖాయమైంది. మోకాళ్లు మాత్రం పొట్టివాడివే కాబట్టి, ఎప్పుడో అరిగిపోయాయి.

ఆ బ్యాండులో పాటలు వాయిస్తే సరిపోదు. అసలువాళ్ల కచేరీ ఒకటి ఎంచుకుని, దాన్ని దగ్గులతో సహా దించాలి. అసలు గాయకుడు దగ్గిన చోట దగ్గాలి, అసలు డ్రమ్మరు చేతిలో పుల్ల జారిన చోట జారవిడవాలి. ఆ రికార్డింగులన్నీ కంఠతా పట్టిన అభిమానులు పాటలకన్నా పొరపాట్లకే ఎక్కువ చప్పట్లు కొడతారు. ఓసారి మన డ్రమ్మరు పుల్ల పడెయ్యడం మర్చిపోతే పెద్ద గొడవే చేశారు.

ఇవాళ దించాల్సింది అసలువాళ్ల చిట్టచివరి కచేరీ. అందులో ఆఖరి పాట మధ్యలో అసలు పొడుగాయన గిటారు కింద పెట్టి, మైకులో "ఇక నా వల్ల కాదు, నేను మానేస్తున్నా" అని వెళ్లిపోయాడు. అక్కడితో ఆ బృందం కథ సరి. మానెయ్యడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదని మనవాడికి తోచింది. అంత తెలివి తక్కువ ఆలోచన జీవితంలో ఇంకోటి చెయ్యలేదని తర్వాత తానే ఒప్పుకున్నాడు.

"ఇవాళైనా చెబుతారా?" అంది భార్య. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఇద్దరికీ కలిసి సెలవొచ్చేది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్కటీ బ్యాండు మింగేస్తోంది.

"చెబుతా. చెప్పకపోతే నన్నడుగు."

"అడిగీ అడిగీ నా నోరు నొప్పెడుతోంది. ఈసారి అడగను. వచ్చేవారం నుంచి ఆదివారం కూడా డ్యూటీ వేయించుకుంటా. గోడల్తో మాట్లాడే బదులు రోగులతో మాట్లాడొచ్చు."

అరిచి చెప్పి ఉంటే ఆయన భయపడేవాడు కాదు. నెమ్మదిగా, బట్టలు మడతపెడుతూ చెప్పింది. 

"పోనీ మీ తమ్ముడికైనా నువ్వు చెప్పరాదూ?" బ్యాండులో లీడ్ గిటారు ఆయన బావమరిదే.

"నేను చెబితే ఏడుస్తాడు. మీరు చెప్పండి, మీరే ఓదార్చుకోండి."

హాలు వెనక గదిలో ముగ్గురూ దొరికారు. గాయకుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఎవరితో మాట్లాడినా వాళ్లు బండిని గోడకి గుద్దబోతున్నట్టే మాట్లాడతాడు. పొడుగాయన బూట్లు తొడుక్కుని, గొంతు సవరించుకున్నాడు.

"మీతో ఓ మాట. ఇక నా వల్ల కాదు. నేను మానేస్తున్నాను."

గాయకుడు కళ్లు మూసుకుని విన్నాడు. "అలసట బ్రహ్మాండంగా ఉంది. కోపం చాల్లేదు. సెకండ్ గేర్లోనే ఉండిపోయావ్."

"రిహార్సల్ కాదు. నిజంగానే మానేస్తున్నా."

"ఆ 'నిజంగానే' అసలాయన అనలేదు. తీసెయ్."

"చెయ్యి నడుం మీద ఉండాలి," అన్నాడు డ్రమ్మరు.

పొడుగాయనకి తిక్కరేగింది. "మోకాళ్లు పోయాయి! ఆదివారాలు పోయాయి! మీకో దండం, మీ బ్యాండుకో దండం!"

ముగ్గురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బావమరిది కళ్లొత్తుకున్నాడు. "బావా, ఒళ్లు గగుర్పొడిచింది!"

కోప్పడటానికైనా ఓపికుండాలి. పొడుగాయన కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడే బావమరిది ఫోను మోగింది.

"మీ బావ చెప్పారా?" అంది అవతల్నుంచి అక్క.

"చెప్పాడక్కా! ముగ్గురం లేచి చప్పట్లు కొట్టాం."

"నీకు బాధగా లేదుట్రా?"

"బాధేంటి, గర్వంగా ఉంటేనూ! కాసేపట్లో స్టేజీ మీద అందరి ముందూ చెబుతాడు. నువ్వూ రాకూడదూ?"

పొడుగాయన చెయ్యి చాచేలోగా బావమరిది ఫోను పెట్టేశాడు. పొడుగాయన తిరిగి చేస్తే ఆవిడ ఎత్తలేదు. బయల్దేరే హడావుడిలో ఉందన్నమాట.

ఇక మిగిలింది హాలు మేనేజరు. ఆయన్ని వరండాలో పట్టుకుని, "మీరైనా వినండి. ఇవాళ్టి తర్వాత నేనీ బ్యాండులో ఉండను," అన్నాడు. మేనేజరు వినయంగా నవ్వాడు.

"మీరు పొద్దుట్నుంచీ పాత్రలోనే ఉన్నారని మీ గాయకుడుగారు ముందే చెప్పారండీ. మీరేమన్నా నమ్మొద్దన్నారు."

మేనేజరు ఈ సంగతి టికెట్ల దగ్గర నిలబడ్డవాళ్లకీ చెప్పాడు. దాంతో కళ్లజోడు కోసం దుకాణానికొచ్చే పెద్దమనిషి ఒకాయన పరుగున వచ్చి, పొడుగాయన రెండు చేతులూ పట్టుకుని, "మీరెళ్లిపోతే మేమేమైపోవాలి సార్?" అని నిజంగా ఏడ్చేశాడు.

కచేరీ మొదలైంది. ముందు వరసలో భార్య కూర్చుంది, పక్కన ఆస్పత్రి స్నేహితురాళ్లు. ఆవిడ తనవంక చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో ఆయనకి గుర్తు రాలేదు. ఆఖరి పాట దాకా ఆగి ఆ మాటే అంటే, అది అసలాయన మాటే అవుతుంది. వచ్చే ఆదివారం మళ్లీ ఈ బూట్లే, ఈవిడ ఆస్పత్రిలో. అది తలుచుకుంటే చేతులాడలేదు. రెండో పాట మధ్యలో గిటారు కింద పెట్టేశాడు.

"ఇప్పుడు కాదు! బ్రేకెయ్యి, బ్రేకెయ్యి!" అన్నాడు గాయకుడు పళ్ల మధ్యనుంచి.

పొడుగాయన బూట్లు విప్పాడు. విగ్గు తీశాడు. మైకు తలకన్నా ఎత్తులో ఉండిపోతే కిందికి లాక్కున్నాడు.

"ఇది పాత్ర కాదండీ. నేను కళ్లజోళ్లు అమ్ముకునేవాణ్ణి. మోకాళ్లు అరిగిపోయాయి. మీ చప్పట్లకి కోటి దండాలు, కానీ ఆదివారం నాకవి వద్దు. మా ఆవిడ ఎదురుగా కూర్చుని తీరిగ్గా అన్నం తినాలనుంది. ఆస్పత్రి కబుర్లు చెబుతుంటే వినాలనుంది. ఆవిడంటే నాకు చచ్చేంత ఇష్టం. ఎలా చెప్పాలో తెలీక ఇన్నేళ్లూ చెప్పలేదు."

నాలుగో వరసలో ఎవరో గుసగుసలాడారు. "ఇది ఏ కచేరీలోది?"

"రికార్డు చెయ్యని కచేరీ ఒకటుందంటారు. అందులోదై ఉంటుంది."

ఆ ముక్క వెనక వరసలకి పాకేసరికి అనుమానం కాస్తా నిజమైపోయింది. జనం లేచి నిలబడ్డారు. పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. కళ్లజోడు పెద్దమనిషి కుర్చీ ఎక్కాడు.

పొడుగాయన ఒట్టి కాళ్లతో వెనక గదికి వచ్చేశాడు. ఆయన లేకుండానే కచేరీ ఎలాగో ముగించి, గాయకుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మనిషి మెత్తబడ్డాడు. "ఇప్పటికి బుర్రకెక్కింది. నిజంగానే అంటున్నావు. వెళ్లు. ఆపను." బావమరిది ఏడిచాడు, బావ ఓదార్చాడు. వచ్చే ఆదివారం కూడా ఇదే కచేరీ కావాలని పరుగెత్తుకొచ్చిన మేనేజరుకి గాయకుడు, "ఇంకది లేదండీ," అని చెప్పేశాడు.

పొడుగాయనకి ఒళ్లంతా తేలికైంది. ఇన్నేళ్ల తర్వాత అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. అప్పుడు భార్య వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"చెప్పేశాను," అన్నాడు.

"విన్నాను."

"ఇంటికెళదాం పద."

ఆవిడ కదల్లేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "వచ్చే ఆదివారం కూడా అది చెబుతారా?" అంది.

"ఏది?"

"ఆ చివర్లోది."

"ఇంట్లో చెబుతాలే."

"ఇంట్లో మీరు చెప్పరు. పెళ్లయినప్పట్నుంచీ ఇంట్లోనేగా ఉన్నాం, ఒక్కసారైనా చెప్పారా? నాకు మైకులోనే బాగుంది." మేనేజరువైపు తిరిగింది. "మా వార్డు వాళ్లంతా వస్తామంటున్నారు. ముందు వరస మాకుంచండి."

మేనేజరు గాయకుడి వంక, గాయకుడు పొడుగాయన వంక చూశారు. పొడుగాయన కాసేపు మోకాళ్లు నొక్కుకున్నాడు. తర్వాత బూట్లెక్కడున్నాయని అడిగాడు.

అప్పట్నుంచీ ఆయన ప్రతి ఆదివారం, ఒక్క వారమైనా తప్పకుండా, బ్యాండు మానేస్తున్నాడు.