రెండవ తెరకై అరుణశ్రీ జైత్రయాత్ర

వైశాఖమాస ప్రచండ మార్తాండుడు ఖమ్మం సీమను పెనము మీది రొట్టెవలె ఇరువైపుల కాల్చుచుండగా, భద్రాద్రి అడవుల అంచున బీడీలకు చుట్టు తునికాకు కట్టలు కల్లములలో ఫెళఫెళ ఎండుచుండగా, కొత్తగూడెము దిక్కున బొగ్గులారీలు ఆకాశమునకు నల్లని గొడుగు పట్టుచుండగా, జూలూరుపాడు అను పురమున, రేకుల వసారా కింద, నెత్తిన తడిగుడ్డ వేసుకొని, ఒకే ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుండి ఘోరసంగ్రామము సలుపుచున్న వీరనారి యొకతె ఉండెను. ఆమెయే అరుణశ్రీ! బొగ్గుబావి మంగయ్య కన్నకూతురు, గనిలో కొండంత డంపరును తోలు చందరుని ఇల్లాలు, దొంగ ఆసుపత్రి బిల్లుల పాలిటి కాలసర్పము.

హైదరాబాదులోని ఒక బీమా కంపెనీకి ఇంటినుండియే పనిచేయుట ఆమె వృత్తి. ఆసుపత్రి బిల్లును తెరచి చూడవలెను. దానిని పక్కకు నెట్టి రోగి దరఖాస్తును తెరవవలెను. రెండును పొసగినవో లేదో తేల్చవలెను. తెర యొక్కటే. బిల్లు వచ్చినచో దరఖాస్తు మాయమగును, దరఖాస్తు వచ్చినచో బిల్లు అదృశ్యమగును. ఆ అటునిటు పరుగులలో ఒక శుక్రవారము నాడు, గుబురు మీసముల పత్తి వ్యాపారి యొకనికి సిజేరియన్ కాన్పు జరిగినదని నమ్మి ఆమె ముద్ర వేసెను.

టీమ్ లీడర్ రాజ్యశ్రీ ఫోను పిడుగై పడెను.

“అరుణా, ఆ పెద్దమనిషికి కాన్పు ఎట్ల అప్రూవ్ చేసినవ్? పైనుంచి మెయిల్ వచ్చింది. సోమవారం నుంచి టీమ్‌ల అందరికీ రెండు స్క్రీన్లు కంపల్సరీ. పొద్దున లాగిన్ కాంగనే వీడియోల చూపియ్యాలె. లేకుంటే నువ్వు హైదరాబాద్ వచ్చి ఆఫీసుల కూర్చోవాలె.”

హైదరాబాదు! ఆ మాట విన్నంతనే వీరనారి గుండె జారెను. పెళ్లియైన తొలి ఏడాది యంతయు హాస్టలు ఇనుప మంచము మీద పడుకొని, మగని మొగమును ఫోనులోనే చూచి, అతడు అన్నము తింటినని చెప్పిన అబద్ధములను నమ్మినట్లు నటించి, ఎట్టకేలకు ఇంటినుండి పని అను వరమును సాధించి వచ్చిన ఇల్లాలామె. మరల ఆ మంచమా! ఆమె తడిగుడ్డను విసరికొట్టి లేచి, చేయెత్తి, మనసులో ఇట్లు గర్జించెను:

“ఓరీ ఏకాకి తెరా! నీ వలన నేను పురుషునికి పురుడు పోసితిని. నీకు తోడుగా మరియొక తెరను తెచ్చి నీ గర్వము నణచనిచో, నేను మంగయ్య బిడ్డను కాను!”

బయటకు మాత్రము ఇట్లనెను: “అత్తమ్మా, ఆదివారం ఖమ్మం పోవాలె. ఇంకో తెర కొనుక్కరావాలె.”

అత్త గురవమ్మ బియ్యములోని రాళ్లు ఏరుచు తలయెత్తెను. “తెరేంది బిడ్డా? టీవీ ఉన్నదిగద!”

“టీవీ కాదత్తమ్మా. సంచిల ఏసుకొని తిరిగేటిది, ల్యాప్‌టాప్ పక్కన పెట్టేటిది.”

సంచిలో పట్టునదే ఎందుకనగా, అరుణశ్రీ సింహాసనము స్థిరమైనది కాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి చందర్ పగలు లోగదిలో నిద్రించును. అప్పుడామె వసారాకు వలసపోవును. ఎండ వసారాను ఆక్రమించినచో వంటింటికి, కరెంటు పోయినచో ఇన్వర్టరున్న పక్కింటి సుశీలమ్మ హాలుకు పోవును. కావున ఆ తెర తేలికగా ఉండవలెను, గోడ కరెంటును నమ్ముకొనక ల్యాప్‌టాప్ పాలు తాగియే బతకవలెను.

ఆదివారము నాడు సైన్యము కదలెను. సైన్యమనగా ముగ్గురు. మునుముందు ల్యాప్‌టాప్ సంచిని కవచమువలె గుండెకు కరచుకొని అరుణశ్రీ. వెనుక, ఆ రాత్రి షిఫ్టుకు పోవలసినవాడైనను కునుకు మాని వచ్చిన చందర్. నడుమ, ఆడవారికి టికెట్టు లేని బస్సులో పోకుండుట మహాపరాధమని యెంచిన గురవమ్మ. ఏన్కూరు దాటునప్పటికే ఈ సైన్యములో చీలిక బయటపడెను.

“పెద్దది తీస్కుందాం అరుణా,” అని చందర్ కిటికీ గాలికి కన్నులు మూసి పలికెను. “క్రికెట్ గిట్ల చూస్తే బాలు కనవడాలె.”

“నా సీరియల్ టైముకు మీ మామ వార్తలు పెడ్తడు,” అని గురవమ్మ తన హక్కును చాటెను. “గా తెర నాకు పొద్దుగూకంగ ఇస్తే సాలు.”

“అది నా పనికి!” అని అరుణశ్రీ అరచిన అరపునకు కండక్టరమ్మ సైతము వెనుదిరిగి చూచెను.

ఖమ్మము బజారులో, శీతలయంత్రము చల్లని నిట్టూర్పులు విడుచు ఒక కంప్యూటరు దుకాణములో, కోస్తానుండి తాతలనాడే వచ్చి స్థిరపడిన వెంకటరామారావు అను వణిక్పుంగవుడు, నుదుట విభూతి మెరయ, పెట్టెలను తెరచి మూడు తెరలను బల్ల మీద నిలిపెను.

మొదటిది పదిహేడంగుళముల మహాకాయ, అద్దమువలె నిగనిగలాడునది. “చూడండమ్మా, ఇది పెడితే మీ ఇల్లే సినిమాహాలు! రంగులు చూడండి, కారిపోతున్నాయి!” అని వెంకటరామారావు బాహువులు చాచి ప్రవచించెను. చందర్ కన్నులు చెమర్చెను. అరుణశ్రీ దానిలోనికి తొంగిచూడగా పైకప్పు ట్యూబులైటు, వీధిలోని ఆటో, తన మగని మీసము కనబడెను గాని, బిల్లు కనబడలేదు. చేత నెత్తిచూడగా మణికట్టు కలుక్కుమనెను. పైగా దానికి గోడ కరెంటు తప్పదట.

“ఇది వసారాల పెడితే నా మొగమే నాకు కనవడ్తది. వద్దు.”

రెండవది తాకినంతనే పలుకునది. అది కూడ గోడకు కట్టుబడినదే. గురవమ్మ ముచ్చటపడి ఒక్క వేలు మోపగా ఒక కిటికీ తెరచుకొనెను, మరియొక వేలు మోపగా పది కిటికీలు తెరచుకొనెను, భయపడి అరచేత తుడువగా అన్నియు మూసుకొని పోయెను. “అయ్యో! నేనేం చెయ్యలె బిడ్డా, అదే చేసుకున్నది,” అని ఆమె చేతులు కొంగులో దాచుకొనెను. ఇంటిలో ఈ వేళ్లుండగా బిల్లులకు రక్షణ లేదని గ్రహించి వీరనారి దానిని కూడ త్రోసిపుచ్చెను.

మూడవది చిన్నది, పలుచనిది, మెరుపు లేనిది, పలకవలె నిరాడంబరమైనది. అరుణశ్రీ హృదయము దానిని వరించెను. వెంకటరామారావు ఒకే తీగతో దానిని ల్యాప్‌టాపునకు బిగించెను. తెర వెలిగెను. నలుపు నేల మీద రెండే మాటలు కనబడెను: నో సిగ్నల్.

తీగ మార్చిరి, నో సిగ్నల్. తిప్పి గుచ్చిరి, నో సిగ్నల్. వణిక్పుంగవుడు ఇంటర్నెట్టు శోధించి, తల పంకించి, విషాదగంభీరస్వరమున తీర్పు చెప్పెను: “మీ ల్యాప్‌టాపుకి ఆ చిన్న రంధ్రంలోంచి కరెంటే వస్తుందమ్మా, బొమ్మ రాదు. ల్యాప్‌టాపే మార్చాలి.”

చందర్ భార్య మొగమును చూచెను. క్రికెట్టు, పెద్ద తెర అన్నియు అతని మనసునుండి జారిపోయి, ఖాళీ లోగది యొక్కటే కనబడెను. అతడు నెమ్మదిగా, “పోనీ అరుణా, నేనే వారానికొకసారి హైదరాబాద్ వస్త,” అనెను.

“నువ్వొచ్చి ఆ హాస్టల్ గేటు కాడ నిలబడుడు నేను చూసిన. నాకు వద్దు.” ఇట్లని ఆమె ల్యాప్‌టాపును పక్కకు తిప్పి, దాని ఒంటిమీది రంధ్రములను వైద్యునివలె పరీక్షించెను. “బొమ్మ దీంట్లకెళ్లి రాకుంటే, టీవీకి పెట్టే ఈ వెడల్పు దాంట్లకెళ్లి తీస్కుందాం. కరెంటు పెన్‌డ్రైవ్ పెట్టే దాంట్లకెళ్లి. రెండు తీగలు తే అన్నా!”

“రెండు తీగలు వేలాడితే అందంగా ఉండదమ్మా.”

“నాకు అందమెందుకన్నా! పని చేస్తే సాలు.”

రెండు తీగలు వచ్చెను. బిగించిరి. తెర మినుకుమని, ఆరి, మరల మినుకుమని తడబడెను. అరుణశ్రీ దాని వెలుగును ఒకింత తగ్గించినంతనే అది ఊపిరి పీల్చుకొని నిలిచెను. సరిగ్గా ఆ క్షణముననే, వేసవి మధ్యాహ్నములకు సహజమైన రీతిని, బజారంతటికిని కరెంటు పోయెను!

శీతలయంత్రము మూలిగి చచ్చెను. ట్యూబులైట్లు రాలిన నక్షత్రములయ్యెను. మహాకాయ ఆరెను, తాకిన పలుకునది మూగవోయెను. ఆ గాఢాంధకారమధ్యమున, ఆ చిన్నతెర యొక్కటే, ల్యాప్‌టాప్ చేయి పట్టుకొని, చంద్రవంకవలె వెలుగుచుండెను. ల్యాప్‌టాపులో ఆమె తెరచిన బిల్లు, చిన్నతెరలో దరఖాస్తు. అరుణశ్రీ కన్నులు ఎడమకు, కుడికి కదలెను. ఏదియు మాయము కాలేదు.

“ఇదే!” అని ఆమె పలికెను. చెమటతో కూడ కన్నీరు జారినదో లేదో చీకటిలో ఎవరికిని తెలియలేదు.

సోమవారము ఉదయము. చందర్ గనినుండి వచ్చి లోగదిలో గాఢనిద్రలో మునిగియుండెను. వసారాలో రెండు తెరలు పక్కపక్కన కొలువుదీరెను. వాటి ఎదుట నిలిపిన ఫోను వీడియోలో రాజ్యశ్రీ ప్రత్యక్షమయ్యెను.

“రెండూ కనిపిస్తున్నయ్. ఏదీ, మౌస్ బాణం అందులోకి తీస్కపోయి చూపియ్యి.”

రెండవ తెర ఎడమవైపున ఉన్నది. అరుణశ్రీ బాణమును ఎడమకు ప్రయోగించెను. అది అంచును ఢీకొని ఆగెను! మరల ప్రయోగించెను, మరల ఆగెను! తెర కుడివైపున ఉన్నదని ల్యాప్‌టాప్ మూర్ఖముగా నమ్మియుండెను. ఆమె సెట్టింగులలోనికి చొరబడి దారి వెదకుచుండెను. రాజ్యశ్రీ గడియారము చూచుకొనుచుండెను.

“బిడ్డా, అది అటు పోనంటే, తెరనే ఇటు పెట్టరాదు?” అని గురవమ్మ గుసగుసలాడి, జవాబునకు ఆగక, తీగలతో సహా తెరను ఎత్తి కుడివైపున నిలిపెను.

అరుణశ్రీ ఊపిరి బిగబట్టి బాణమును కుడికి విడిచెను. అది సాగెను, అంచును చేరెను, ఒక్క లిప్త తటపటాయించెను, దాటెను! రెండవ తెరలో ఠీవిగా నిలిచెను!

“ఓకే అరుణా. ఇంటికాడనే చేస్కో,” అని రాజ్యశ్రీ అంతర్ధానమయ్యెను.

అత్తాకోడండ్రు ఒకరి చేతులొకరు పట్టుకొని, నోళ్లు బార్లా తెరచి, షిఫ్టు చేసి వచ్చి లోపల నిద్రించువాడు లేచునేమోయని, శబ్దము లేకుండ విజయనాదము చేసిరి. దిక్కులు పిక్కటిల్లలేదు. వాకిట కోడియు తలయెత్తి చూడలేదు. అయినను సమస్త లోకములకు ఇందుమూలముగా చాటనైనది ఏమనగా: వైశాఖ సోమవారమున, జూలూరుపాడు వసారాలో, ఒక బాణము జానెడు దూరము కుడికి జరిగినది!