బ్రూక్‌ఫీల్డ్‌లో సముద్రమట్టం

ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో పదిహేనేళ్లు దాటిన కార్లన్నీ ఊపిరి పరీక్షలో నెగ్గితేనే లోపల నిలపాలి. ఇది మా కార్యదర్శి భుజంగరావుగారి ఆలోచన. ఆయన విశాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఇంజన్ గాలిని ఎంత బలంగా పీలుస్తుందో చూపే వాక్యూమ్ గేజి ఆయన దగ్గర ఉంది. అది ఉన్నవాడు ఊరుకోవడం ధర్మం కాదు.

పరీక్షకు మొదట దొరికింది కృప పాత మారుతి. కృప ఫిజియోథెరపిస్టు. కండరాలకు కరెంటు పెట్టే మెషిన్ ఆ కారులో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, లేవలేనివాళ్లను లేపుతుంది.

ఇంజన్ స్టార్ట్ చేసి, రబ్బరు గొట్టం తగిలించారు. సూది పదహారు దగ్గర నిలిచింది. గేజితో వచ్చిన పుస్తకం ప్రకారం పద్దెనిమిదికి తగ్గకూడదు. కమిటీ సభ్యులు రోగి మంచం చుట్టూ నిలబడినట్టు నిలబడి తలలూపారు.

కృప నగర్తపేట నుంచి మెకానిక్ చెన్నయ్యను పిలిపించింది. అతను ముప్పై ఏళ్లుగా ఇంజన్లే చూస్తున్నాడు కాబట్టి అతని మాటకు విలువ లేదు.

"సూది అల్లాడకుండా నిలిచి ఉండాది సార్. అంటే వాల్వులు బాగుండాయి. మన ఊరు మూడువేల అడుగుల ఎత్తులో ఉండాదప్పా, గాలి పల్చన. సముద్రం పక్కన ఊళ్ల కంటే ఏ బండికైనా మూడు తగ్గతాది."

"పుస్తకాన్ని అచ్చువేశారు చెన్నయ్యా," అన్నారు భుజంగరావుగారు శాంతంగా. "నిన్నెవరూ అచ్చువేయలేదు."

చెన్నయ్య గొట్టాన్ని ఆయన కారుకే తగిలించాడు. విశాఖలో పంతొమ్మిది చూపిన ఆ కారు ఇక్కడ పదహారే చూపింది. కమిటీ లోతుగా విచారించి, కృప కారు పక్కన నిలపడం వల్ల అంటుకున్న జబ్బుగా దీన్ని నిర్ధారించింది. ఆయన కారును సానుభూతితో లోపలే ఉంచి, కృప కారును బయటికి పంపాలని తీర్మానం రాసింది. మా ప్రహరీ లోపల బెంగళూరు సముద్రమట్టంలోనే ఉన్నట్టు పరిగణించాలని అందులో రెండో అంశం.

"అంకుల్, మెషిన్ పదిహేను కిలోలు. బండి మెయిన్ రోడ్‌లో పెడితే అంత దూరం ఎట్లా మోసేది? పేషెంట్లు వెయిట్ చేస్తా ఉంటారు," అంది కృప.

క్రమశిక్షణకు కొంత త్యాగం అవసరమని భుజంగరావుగారు పావుగంట ఉపన్యసించి, ఒప్పుకున్నవాళ్లను చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను.

నా కుడిచెయ్యి మొన్నమొన్నటి దాకా భుజం దాటి లేచేది కాదు. కృప ఆరువారాలు కష్టపడి బాగుచేసింది. ఆ సభలో అందరికన్నా నిటారుగా లేచిన చెయ్యి నాదే.