ఎర్రబడిన పెళ్లికొడుకు

కార్తికమాసపు ఆ ఉదయం శామీర్‌పేట ఫొటోగ్రాఫర్ రాఘవేందర్, పన్నెండేళ్లుగా తనకు అన్నం పెట్టిన చిన్న కెమెరాను మేడ్చల్ దుకాణంలో ఇచ్చివేసి పెద్దది తెచ్చుకోవాలని సంకల్పించాడు. సంకల్పం స్థిరమే, తేవలసినదేమిటో మాత్రం తేలలేదు. స్నేహితుడు ధర్మేందర్ కెమెరానే మార్చమన్నాడు. భార్య వినోద లెన్స్ ఒక్కటి మారిస్తే చాలునంది.

"అసలు కెమెరా పాతదైందో, నువ్వే పాతవడ్డవో ముందుగాల తేల్చుకో," అని కూడా అంది.

రాఘవేందర్ కెమెరా సంచి భుజాన తగిలించుకున్నాడు.

దసరా వెళ్లినప్పటి నుండి ఆ కెమెరా తీసిన ప్రతి ఫొటోలోనూ ఎర్రని మసక ఒకటి కమ్ముకుంటున్నది. మొదట్లో అది వరమే అయింది. వధువుల చెక్కిళ్లు కెంపులెక్కితే, పిల్ల ఎంత సిగ్గరి అని బంధువులు మురిసిపోయారు. ఆయనా మిన్నకున్నాడు. అంతలో లాల్‌గడి మలక్‌పేట్ సిద్దయ్య కూతురు సుచిత్ర నిశ్చితార్థం వచ్చింది. ఫొటోలలో పెళ్లికొడుకు మహేష్ కన్నులు, ముక్కు, చెవులు కూడా ఎర్రబడ్డాయి.

సుచిత్ర నాయనమ్మ జంగమ్మ ఫొటోను దీపం దగ్గర పెట్టి చూసింది. "గీ పిలగాడు తాగొచ్చిండా ఏంది?"

ఆ మాట పడకుండా రాఘవేందర్ కంప్యూటర్ ముందు కూర్చుని ఎరుపును తగ్గించి, మళ్లీ ఫొటోలు పంపాడు. ఈసారి పెళ్లికొడుకు పసరు తాగినవానిలా ఆకుపచ్చగా వచ్చాడు.

"సూసినవా? తాగి తాగి పేగులు చెడగొట్టుకున్నడు," అని జంగమ్మ తీర్పు చెప్పింది.

తీర్పు మేడ్చల్‌లోని వియ్యాలవారి ఇంటికి చేరింది. అందువల్లనే ఈ ఉదయం సిద్దయ్య ఫోన్ చేశాడు.

"రాఘవేందర్! పిలగాని తల్లి చీరెలు కొననీకి రానంటాంది. లగ్గం ఆగేటట్టుంది. జల్దీ కొత్త కెమెరా వట్టుకొని పొయ్యి పిలగాని ఫొటో మళ్ల దింపు. మనిషి లెక్క వచ్చిండా, పెండ్లి పని నీదే. ఎర్రగొచ్చిండా, బౌరంపేట్ ఫొటోలాయనకిచ్చేస్త!"

ఒక ఆడపిల్ల పెళ్లి, తన బతుకుతెరువు, రెండూ మెడలో వేలాడుతుండగా రాఘవేందర్ మేడ్చల్ చేరాడు. దుకాణదారు ఫణిభూషణ్ కోస్తా నుండి వచ్చి స్థిరపడినవాడు, నిదానస్థుడు. అమ్మడానికి ముందు అడగడం ఆయన అలవాటు.

"ఈ లెన్స్ ఎప్పుడైనా విప్పారాండీ?"

"నాకున్నది గదొక్కటే సార్, ఎందుకు విప్పుత? దసరాకు పూజల వెట్టనీకి విప్పిన. మా అమ్మ ఏ సామానుకు గా సామానే బొట్టు వెడ్తది. జమ్మికి పోవాలె, యాళ్లయిందంటే గబగబ బిగించేసిన."

ఫణిభూషణ్ లెన్స్‌ను తిప్పి ఊడదీశాడు. పళ్లెంలో బోర్లించి ఉంచిన లెన్స్‌కు రాఘవేందర్ తల్లి వజ్రమ్మ పైకి కనిపించిన ముఖానే, అంటే వెనుక అద్దంపైనే, గంధమద్ది కుంకుమ దిద్దింది. అది చెదిరి, ఎండి, నెలరోజులుగా ఎందరి ముఖాలకో కాంతినిస్తున్నది.

"మీ అమ్మగారు భక్తిగానే పెట్టారండీ," అని ఆయన మెల్లగా తుడిచాడు. "ఇప్పుడు ఏ కెమెరా చూపించమంటారు?"

రాఘవేందర్ అద్దాల బీరువా వైపు చాలాసేపు చూశాడు. "రెండు మూతలియ్యుండ్రి సార్. లెన్స్‌కు ముందటొకటి, ఎన్కకొకటి."

అటు నుండే వెళ్లి తీసిన ఫొటోలో మహేష్ చామనఛాయతో, చెమటతో, నిక్షేపంగా వచ్చాడు. తల్లి చీరలకు కదిలింది. సిద్దయ్య మళ్లీ ఫోన్ చేశాడు.

"మస్తుగొచ్చిండు! కొత్త కెమెరా కొత్త కెమెరానే. పెండ్లి పని నీదే పో!"

నిజం చెప్పాలంటే కుంకుమ దిద్దిన తన తల్లి పేరు ఎత్తాలి. రాఘవేందర్ పెళ్లి ముహూర్తం అడిగి రాసుకున్నాడు.

ఇల్లు చేరేసరికి వజ్రమ్మ స్నానం చేసి, కుంకుమ పళ్లెంతో గడపలో నిలబడి ఉంది.

"కొత్త కెమెరా తెచ్చినవట గద బిడ్డా, సిద్దయ్య జెప్పిండు. ఏదికాది విప్పి గీ పళ్లెంల వెట్టు, బొట్టు వెడ్త."

రాఘవేందర్ లెన్స్ విప్పి, రెండు మూతలూ బిగించి పెట్టాడు.