గాలి గొట్టం, బొట్టు పిలుపు

ఆ ఆదివారం పొద్దున్న గోపీకృష్ణ చెయ్యవలసిన పని ఒక్కటే: తల్లి రామాయమ్మను నర్సీపట్నం నుంచి గొలుగొండ తీసుకెళ్లడం. అక్కడ ఆవిడ చెల్లెలు జోగులమ్మ మనవడికి అన్నప్రాసన. అయితే అక్కచెల్లెళ్లకి మూడేళ్లుగా మాటల్లేవు. తన కొడుకు రమణబాబు పెళ్లికి జోగులమ్మ ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా, ఫోన్లో పిలిచి ఊరుకుంది. ఇది చిన్న తప్పని ఎవరైనా అంటే, వాళ్లకి తోబుట్టువులు లేరన్నమాట. ఈసారీ ఫోనే వచ్చింది, అదీ రమణబాబు దగ్గర్నుంచి. అయినా పసివాణ్ని చూడాలని రామాయమ్మ ప్రాణం కొట్టుకుంది. తెల్లారకుండానే పట్టుచీర కట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుంది.

"బేగి తియ్యరా. కిందకి దిగేనంటే నా మనసు మారిపోద్ది," అంది.

ఆ మాట విన్నాక కూడా బోనెట్ ఎత్తాడంటే అది గోపీకృష్ణ ఖర్మ. కారు వారంగా రొప్పుతోంది. కొత్త ఎయిర్ ఫిల్టరూ, ఇంజనుకి గాలి అందించే రబ్బరు గొట్టమూ తెప్పించి పెట్టుకున్నాడు. తన షాపులో జిరాక్స్ మెషీన్ విప్పి బిగించేవాడికి కారొక లెక్కా? పైగా వీడియోలో ఎవడో పాట పాడుకుంటూ చేసేశాడు.

పాత గొట్టం లాగితే చిరిగింది. కొత్తది వేరే మోడల్‌ది, ఎంత తోసినా పట్టలేదు. గొట్టం లేకుండానే తాళం తిప్పాడు. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తండ్రి మంగరాజు గేటు దగ్గర తలపట్టుకుని కూర్చున్నాడు. రామాయమ్మ, ఈగలు ముసురుతున్నాయని కొంగు ముఖం మీదికి లాక్కుని నిద్రపోయింది.

రాలేమని చెప్పడానికి గోపీకృష్ణ రమణబాబుకి ఫోన్ చేశాడు. అటు సన్నాయి మోత.

"అమ్మ బండిలోనే ఉంది రా. రాలేం. గాలి గొట్టం పీకీసాను. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది."

"ఏటన్నయ్యా! నువ్వే పీకీసావా?"

"మరేటి సెయ్యను? పాతదైపోయింది. ఎన్నాళ్లని లాగుతాం?"

అక్కడితో ఫోన్లో ఛార్జింగు అయిపోయింది.

తెలుగులో కారుకీ కన్నతల్లికీ క్రియ ఒక్కటే. ఎవరి సంగతో చెప్పకపోతే వినేవాడు తనకి తోచినవాళ్లకి తగిలించుకుంటాడు. రామాయమ్మకి ఆయాసం ఉందని, ముదిరితే ఆస్పత్రిలో ముక్కుకి గాలి గొట్టం పెడతారని గొలుగొండలో అందరికీ తెలుసు. అక్కడ సన్నాయి ఆగింది, పాయసం గిన్నె మీద మూత పడింది.

గంట తిరక్కుండా రెండు ఆటోలు వీధిలోకొచ్చాయి. జోగులమ్మ తలపట్టుకున్న బావను చూసింది, కొంగు కప్పుకున్న అక్కను చూసింది, ఇంకేమీ అడగలేదు. గోపీకృష్ణ "పిన్నీ, అదీ..." అంటూ అడ్డం వెళ్లబోతే రమణబాబు అతని చొక్కా పట్టుకున్నాడు.

"కన్నతల్లికి గొట్టం పీకడానికి నీకు సేతులెలా వచ్చేయి?"

"కారుది రా బాబూ, కారుది!" అని గోపీకృష్ణ మొత్తుకున్నాడు గానీ ఆ ఏడుపుల్లో ఎవరికి వినబడుతుంది?

ముత్తైదువగా పోయిన అక్కకి పుట్టింటి పసుపుకుంకాలు చెల్లెలే పెట్టాలి. జోగులమ్మ కారులోకి ఎక్కి, కొంగు తొలగించి, కూడా తెచ్చిన కుంకుమతో రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది.

"ఓలప్పా! బతికుండగా వచ్చి ఇంత బొట్టెట్టి పిలవలేకపోయానే! అంత పొగరేటే నాకు! ఇప్పుడెవరితో దెబ్బలాడాలే!" అని గుండెలు బాదుకుంది. ఆ ఏడుపులో నటన లేదు. మూడేళ్ల దుఃఖం ఒక్కసారిగా తోసుకొచ్చింది.

రామాయమ్మ కళ్లు తెరిచింది. చెల్లెల్ని చూసింది. నుదురు తడుముకుని వేలికంటిన కుంకుమ చూసుకుంది.

"బొట్టెట్టీసావు గదా," అంది. "ఇంక పిలు."

జోగులమ్మ కెవ్వున అరిచింది. బయటున్నవాళ్లు గేటు దాకా పరుగెత్తారు. కాసేపటికి గుండె దిటవు చేసుకుని, అక్క చెయ్యి రెండు చేతులా పట్టుకుని పిలిచింది: "మా మనవడి అన్నప్రాసనకి నువ్వూ బావా రండే."

"అలగడుగు మరి," అంది రామాయమ్మ. ఆవిడ కళ్లూ తడిశాయి. కారు దిగి, చెల్లెలితో పాటు ఆటో ఎక్కింది. మంగరాజూ ఎక్కాడు. రెండు ఆటోలూ నిండిపోయాయి.

గోపీకృష్ణ బస్సెక్కి గొలుగొండ చేరేసరికి విస్తళ్లు ఎత్తేశారు.