ఏకగ్రీవంగా అద్దాలు

మా బాల్కనీకి అద్దాలు బిగించాలా వద్దా అన్న గొడవ నాలుగో రోజులో పడింది. వాదనలన్నీ మొదటిరోజే అయిపోవడంతో, మిగతా మూడు రోజులూ వాటినే కాస్త గొంతు పెంచి వాడుకుంటున్నాం.

"అందరూ బిగించుకున్నారమ్మా," అన్నారు మా ఆయన.

"అందరూ బిగించుకుంటే నాకు గాలెక్కణ్ణించి వస్తుందిరా?" అన్నారు మా అత్తగారు.

"ఏసీ పెట్టిస్తాంగా!"

"ఏసీ నాతో కబుర్లు చెబుతుందా?"

లిఫ్టు లేని మా భవనంలో మాది రెండో అంతస్తు. అత్తగారి మోకాళ్లు మెట్లు దిగడం మానేసి రెండేళ్లయింది. అప్పటినుంచీ బాల్కనీలోని పేము కుర్చీయే ఆవిడకు వీధి. కూరగాయల బండిని ఆపేది అక్కణ్ణించే. స్కూలు వ్యాను ఎంత ఆలస్యమైందో ప్రకటించేది అక్కణ్ణించే. ఎవరింట్లో ఎవరు అలిగారో నడకను బట్టి తేల్చేదీ అక్కడే. అద్దాలు పడితే ఈ శాఖలన్నీ ఒకేసారి మూతపడతాయి.

మా అమ్మాయికి అద్దాలు కావాలి, స్నేహితురాళ్ల ఇళ్లలో ఉన్నాయి కనుక. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగితే మెజారిటీ ఎటుందో కనుక్కుని చెప్పేదాన్ని.

మా నివాసుల సంఘం ఎంత ఐకమత్యం గలదో చెప్పకపోతే అసలు సంగతి మీకు అందదు. మూడు నెలల కిందట కింది గదిలో సర్వసభ్య సమావేశం జరిగింది. "భవన సౌందర్యమును దృష్టిలో ఉంచుకొని, బాల్కనీలన్నింటికీ ఒకే రకం అద్దాలు అమర్చుకొనుటకు సమ్మతించువారు చేతులెత్తవలసినది," అని కార్యదర్శి గంభీరంగా చదివారు. ప్రతివారూ సొంత అభిప్రాయం కోసం పక్కవారి మొహంలో వెతుక్కున్నారు. అంతలో ముందువరసలో రిటైర్డు హెడ్మాస్టరుగారి చెయ్యి లేచింది. దాని వెనక ఇంకొకటి, వాటి వెనక నాలుగు, అరనిమిషంలో పద్దెనిమిది. చివరి వరసలో ఒకాయన నిద్రలేచి మరీ ఎత్తారు. మా ఆయన కుడిచేతిలో ఫోనుంటే, అశుభమైనా సరే అని ఎడమచెయ్యి ఎత్తారు. తీర్మానం ఏకగ్రీవం. చప్పట్లు.

"నాకైతే ఇష్టం లేదు, కానీ అందరికీ ఇష్టమే," అన్నారాయన ఇంటికొచ్చి.

తర్వాత ఒక్కొక్క బాల్కనీకీ అద్దాలొచ్చాయి. మధ్యాహ్నమయ్యేసరికి ఇళ్లు బేకరీ పొయ్యిల్లా కాగడం మొదలైంది. అయినా ఒక్కరూ కిక్కురుమనలేదు. వేడి తమ ఇంట్లోనే ఉందనీ, ఎదుటివాళ్లు చల్లగా ఉన్నారనీ ప్రతి ఇంటివాళ్లకూ గట్టి నమ్మకం. ఎదురింటి బ్యాంకు ఉద్యోగిని అద్దం జానెడు జరిపి, ఆ సందులోంచి మొహం బయటపెట్టి గాలి పీలుస్తుంటుంది. నన్ను చూడగానే టక్కున మూసేస్తుంది.

"ఎలా ఉన్నాయండీ అద్దాలు?" అని అడిగానొకసారి.

"బ్రహ్మాండం! మీరింకా వేయించుకోలేదా?" అంది, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

నాలుగో రోజు పదకొండింటికి, పై అంతస్తుకి మెట్లెక్కుతున్న హెడ్మాస్టరుగారు మా గుమ్మం దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగారు. అత్తగారు లోపలికి పిలిచి, తన కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించారు. ఆయన నీళ్లు తాగేశారు గానీ కుర్చీ వదల్లేదు. కళ్లు మూసుకుని గాలిని అనుభవిస్తున్నారు.

"మాస్టారూ, ఆరోజు ముందు చెయ్యెత్తింది మీరేనటగా. అద్దాలంటే అంత ముచ్చటా?" అని అడిగారు అత్తగారు.

ఆయన ఒక కన్ను తెరిచి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించారు.

"అద్దాలకెవరు ఎత్తారమ్మా? ఉక్కగా ఉంది, ఫ్యాను వెయ్యమని ఎత్తాను."

"మరి ఆ మాట చెప్పలేదేం?"

"వెనక్కి తిరిగేసరికి అందరి చేతులూ గాల్లో ఉన్నాయి. అంతమంది కోరుకుంటుంటే నేనొక్కణ్ణి అడ్డమెందుకని నేనూ వేయించుకున్నాను." నిట్టూర్చారు. "ఫ్యాను మాత్రం వెయ్యలేదు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు ఈ సంగతి బయటపెట్టారు. మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించి, సంఘ సభ్యుడికి తగిన జవాబిచ్చారు.

"ఆయన దేనికెత్తితే ఏంటమ్మా, తీర్మానం తీర్మానమేగా! ఇప్పుడు మనమొక్కళ్లం వద్దంటే ఏమనుకుంటారు?"

"ఎవర్రా అనుకునేది?"

"అందరూ."

"ఆ అందరిలో నువ్వున్నావా?"

ఆయన లెక్క తేలక మజ్జిగ పోసుకున్నారు.

అందరం చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాక, అత్తగారు బల్ల మీది మెతుకులు ఏరుతూ, ఏ ఉపన్యాసం లేకుండా మెల్లగా చెప్పారు.

"రేపు కొలతలకి వస్తానన్న అద్దాలతన్ని రావద్దని ఫోన్లో చెప్పేశాను. మన బాల్కనీ ఇలాగే ఉంటుంది. కాదనేవాళ్లు చెయ్యెత్తండి."

మా ఆయన అమ్మాయి వైపు చూశారు. అమ్మాయి నా వైపు చూసింది. నేను ఆయన వైపు చూశాను. ఆయనకి చెమటలు పోస్తున్నాయి, నెత్తిమీద ఫ్యాను ఆగి ఉంది, అయినా వెయ్యమని అడగడానికి కూడా ఆయన చెయ్యి లేవలేదు. తీర్మానం ఏకగ్రీవం.

మీరైతే ఎత్తేవారా? పక్కవాళ్ల వైపు చూడకుండా చెప్పండి.