ఇబ్బందుల కౌంటరు, రెండో గురువారం

మందుల వల్ల వచ్చే బాధలన్నిటికీ వైద్యశాస్త్రం ఎన్నడో మందు కనిపెట్టింది. దాని పేరు "మామూలేనమ్మా". ఇది నోటితో ఇచ్చే మందు. చీటీ అక్కర్లేదు, మోతాదుకి హద్దు లేదు, స్టాకు అయిపోయిన దాఖలా ఎక్కడా లేదు. పైగా ఇచ్చినవాళ్ళకి తక్షణం ఉపశమనం కలుగుతుంది.

ఈ మందుని మూడేళ్ళు పుచ్చుకున్న మనిషి పేరు పెర్సిస్. తాడేపల్లిగూడెంలో ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. వయసు నలభై తొమ్మిది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషను, ఆరు కీమోలు, రేడియేషను అన్నీ అయ్యాక, ఏలూరులోని ఒక పెద్ద ఆసుపత్రివారు ఆమెకి పెసరగింజంత మాత్ర రాసి, రోజుకొకటి చొప్పున ఐదేళ్ళు వేసుకోమన్నారు. ఆమెకి వచ్చింది ఒంట్లోని హార్మోను తిని పెరిగే రకం గడ్డ. మాత్ర ఆ హార్మోనుని తయారు కానివ్వదు. గడ్డకి తిండి ఉండదు. (మనిషికి ఏమేం ఉండవో చీటీలో రాయలేదు.)

మొదట పోయింది చల్లదనం. డిసెంబరులో కూడా ఉన్నట్టుండి ఛాతీ దగ్గర మొదలైన వేడి మెడ మీదుగా నెత్తికెక్కి, కట్టుకున్న చీర తడిసిపోయేది. భర్త ప్రభుదాసు ఆకివీడులో చేపల లారీలకి ఐసు ఎత్తిస్తాడు. మాటకారి కాడు. ఒకరోజు ఏమీ అనకుండా థర్మాకోల్ పెట్టెలో ఐసుముక్కలు తెచ్చి మిషను పక్కన పెట్టాడు. అప్పటినుంచి రోజూ తెస్తూనే ఉన్నాడు. వేడి వచ్చినప్పుడు ఆమె మణికట్లు రెండూ ఆ పెట్టెలో పెట్టి కూర్చునేది. పెట్టె చేపల వాసన కొట్టేది. జాకెట్లకి వచ్చినవాళ్ళు కూర వండుతున్నారా అని అడిగేవారు.

తర్వాత పోయినవి వేళ్ళు. పొద్దున్నే లేస్తే పిడికిలి మూసుకోదు, మూసుకుంటే తెరుచుకోదు. కత్తెర పట్టుకోవడానికి తొమ్మిదయ్యేది. హుక్కులు కుట్టడం వీధి చివరి అమ్మాయికి అప్పగించింది. ఆ హుక్కులు పట్టే కాజాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఊళ్ళో ఆమెకి పేరు వచ్చింది కాజాల వల్లే.

మూడు నెలలకోసారి ఆమె రైలెక్కి ఏలూరు వెళ్ళేది. అక్కడి ఏర్పాటు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని రూపొందించడానికి చాలామంది చదువుకున్నవాళ్ళు కష్టపడ్డారు. లోపలికి వెళ్ళగానే గోడకి ఒక తెర ఉంటుంది. "మీకు ఏమైనా ఇబ్బందులు ఉన్నాయా?" అని అడుగుతుంది. "లేవు" నొక్కితే డాక్టరుగారి గది తలుపు దగ్గర టోకెను వస్తుంది. "ఉన్నాయి" నొక్కితే ముప్ఫై ఒక్క ప్రశ్నలు వచ్చి, చివర్లో ఇబ్బందుల కౌంటరుకి టోకెను వస్తుంది. ఇబ్బందుల కౌంటరు నెలలో రెండో గురువారం తెరుస్తారు. మాత్రల వాళ్ళని చూసేది సోమవారాలు.

పెర్సిస్ మొదటిసారి "ఉన్నాయి" నొక్కింది. ముప్ఫై ఒక్క ప్రశ్నల్లో జుట్టు ఉంది, వాంతులు ఉన్నాయి, నోటిపూత ఉంది. వేళ్ళు లేవు. అన్నిటికంటే కింద "ఇతరములు" అని చిన్న గడి కనిపిస్తే అందులో టైపు చేసింది. గడిలో ఇరవై అక్షరాలు పడతాయి. "రోజూ పొద్దున్నే లేచేసరికి వేళ్ళు ముడుచుకుపోయి కత్తె" దాకా వచ్చి, తెర ఆమెకి ధన్యవాదాలు చెప్పింది. తర్వాత వెళ్ళిన ప్రతిసారీ ఇంతే.

ఆ తెరకి అధిపతి సూర్యప్రకాశరావుగారు. హోదా రోగి సంతృప్తి అధికారి. మెత్తగా మాట్లాడతారు, ఎవరినీ కూర్చోబెట్టకుండా పంపరు. పెర్సిస్‌ని కూడా కూర్చోబెట్టి, వేళ్ళు ఎముకల విభాగం కిందికి వస్తాయని, అది పక్క భవనమని, ఎండగా ఉంది గనక నీడలోంచి వెళ్ళమని చెప్పారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఇది మాత్ర వల్ల వచ్చింది గనక మాత్ర రాసినవాళ్ళనే అడగమన్నాడు. మాత్ర రాసిన పెద్ద డాక్టరుగారు కంప్యూటరు చూస్తూనే, రిపోర్టులన్నీ బాగున్నాయని, మిగతాదంతా మామూలేనని చెప్పి పక్కకి చూశారు. పక్కన తర్వాతి టోకెను నుంచుని ఉంది.

వచ్చేటప్పుడు ఒక కరపత్రం ఇచ్చారు. నూలు బట్టలు కట్టుకోవాలి. ఆందోళన పడకూడదు. వేళ్ళ బిగుతు సడలడానికి ఇష్టమైన వ్యాపకం ఏదైనా చేసుకోవాలి, ఉదాహరణకి కుట్టుపని.

ఇలా మూడో ఏడు నడుస్తుండగా ఒక పెళ్ళి జాకెట్టు వచ్చింది. పట్టుగుడ్డ, పెళ్ళికూతురి మేనత్త ఎక్కడినుంచో ఏరి తెచ్చింది. వీపు కత్తిరిస్తుంటే పెర్సిస్ బొటనవేలు బిగుసుకుపోయింది. కత్తెర ఆగాల్సిన చోట ఆగలేదు. ఆమె ఆ గుడ్డని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పెళ్ళికూతురి తల్లి వచ్చి చూసింది. ఆ పెళ్ళికే ఇచ్చిన మిగతా ఐదు జాకెట్ల గుడ్డలు మడిచి సంచిలో పెట్టుకుని, "మీ ఒంట్లో బాగుండట్లేదు కదండీ, రెస్టు తీసుకోండి" అని వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి పెర్సిస్ మాత్ర మానేసింది. ఎవరికీ చెప్పలేదు. మాత్రలు కొనడం మానలేదు, ప్రభుదాసు చూస్తాడని.

ఐదో వారానికి పిడికిలి మూసుకుంది. ఏడో వారానికి వేడి తగ్గింది. కాజాలు మళ్ళీ సన్నగా, గట్టిగా పడ్డాయి. తెల్లారి లేవగానే వేళ్ళు కదిలించి చూసుకునేది. ఆ వెంటనే చెయ్యి తనకు తెలియకుండానే రెండో రొమ్ము మీదికి, చంక కిందికి పోయి తడిమేది. ఆ సంతోషం, ఆ భయం రోజూ అదే వరసలో వచ్చేవి.

తర్వాతి సోమవారం ఆసుపత్రి తెర అడిగితే "లేవు" నొక్కింది. నిజమే కదా, ఇబ్బందులు లేవు. మూడేళ్ళు "ఉన్నాయి" అని నొక్కిన మనిషి "లేవు" అని నొక్కడం ఆ విభాగం చరిత్రలో మొదటిసారి. సూర్యప్రకాశరావుగారికి ఆ సంగతి కంప్యూటరు చెప్పింది. ఆయన స్వయంగా ఫోను చేసి, క్యాన్సర్ నుంచి కోలుకుంటున్నవాళ్ళకి ఆసుపత్రి పెట్టే ధైర్యవంతుల సభలో నాలుగు మాటలు మాట్లాడాలని అడిగారు. ఆమె వద్దంది. అది వినయమని ఆయన గ్రహించారు. వారం తిరిగేసరికి ఆసుపత్రి గేటు మీద "దుష్ప్రభావాలను జయించిన పెర్సిస్ గారు" అని నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. అందులో ఆమె నవ్వుతూ ఉంది. (ఫొటో ఆపరేషనుకి ముందుది. ఆధార్ నుంచి తీసి, నవ్వు విడిగా చేర్పించారు.)

ఫ్లెక్సీ లేచాక వద్దనడానికి వీల్లేక పెర్సిస్ సభకి వెళ్ళింది. ప్రభుదాసు కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. హాల్లో ఎనభై మంది దాకా ఆడవాళ్ళు ఉన్నారు. పెర్సిస్ మైకు పట్టుకుని, అందరికీ నమస్కారం అని, దేవుడి దయ అని, కూర్చోబోయింది. అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దామె లేచింది. పేరు సుబ్బాయమ్మ, కామవరపుకోట నుంచి వచ్చింది. తలకి తుండు చుట్టుకుని ఉంది. మాత్ర మొదలుపెట్టి నాలుగు నెలలైంది.

"నాకు మోకాళ్ళు పట్టేసి బాత్రూములో కూడా కూర్చోలేకపోతన్నానమ్మా," అంది. "ఓర్చుకోలేనిదాన్నని మా ఇంట్లో నన్నే అంటన్నారు. నువ్వెలా ఓర్చుకున్నావో చెబుదూ, నేనూ అలాగే చేస్తాను."

"అలాగే చేస్తాను" అన్న మాట దగ్గర పెర్సిస్ ఆగిపోయింది. ప్రార్థన అని చెప్పొచ్చు, నడక అని చెప్పొచ్చు. చెబితే ఈవిడ ఇంటికెళ్ళి, తనలో ఏదో లోపం ఉందనుకుంటుంది. నిజం చెబితే రేపే మాత్ర మానేస్తుంది. పెర్సిస్ భర్త వైపు చూసింది. అతను చప్పట్లు కొట్టడానికి చేతులు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు.

"నేను ఓర్చుకోలేదండి పిన్నిగారూ," అంది మైకులోనే. "మాత్ర మానేశాను. పదకొండు వారాలైంది. వేళ్ళు బాగున్నాయి. కానీ రోజూ పొద్దున్నే గడ్డ ఉందేమోనని తడుముకుంటున్నాను. మీరు మానకండి. ఇలా బతకడం కూడా బాగాలేదు."

ప్రభుదాసు చేతులు ఒళ్ళోకి దిగిపోయాయి. సూర్యప్రకాశరావుగారు మైకు అబ్బాయికి సైగ చేశారు. మైకు ఆగింది. కానీ అప్పటికే హాల్లో మరో ఆరుగురు, తామూ మానేశామని పక్కవాళ్ళకి చెబుతున్నారు.

వెనక గోడకి ఆనుకుని నుంచున్న డాక్టర్ శాలిని అనే కొత్త డాక్టరమ్మ ముందుకి వచ్చి, ఒక కుర్చీ లాక్కుని పెర్సిస్ ఎదురుగా కూర్చుంది. చేతులు పట్టుకుని ఒక్కో వేలూ వంచి చూసింది. ఏ టైములో పట్టేసేవి, ఎంతసేపు, వేడినీళ్ళలో పెడితే తగ్గేదా, నిద్ర ఎన్ని గంటలు అని అడిగింది. ఇంత బాధ ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది.

"చెప్పానండి," అంది పెర్సిస్. "ఇరవై అక్షరాలే పట్టాయి."

శాలిని తల దించుకుంది. ఇదే పని చేసే మాత్రలు వేరే రకాలు ఉన్నాయని, ఒకటి పడకపోతే ఇంకోటి చూడొచ్చని, వేడికి కూడా విడిగా మందు ఉందని, వేళ్ళకి వ్యాయామాలున్నాయని చెప్పింది. ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. ఆ ఆసుపత్రి మందుల షాపులో, కింది అంతస్తులోనే ఉన్నాయి. ముందు పరీక్షలు చేయించింది. ప్రస్తుతానికి ఏమీ లేదని వచ్చింది. పదకొండు వారాల లోటు ఏం చేస్తుందో ఇప్పుడే చెప్పలేమని కూడా దాచకుండా చెప్పింది. ఆ తర్వాత సుబ్బాయమ్మ మోకాళ్ళు చూసింది.

రైలు భీమడోలు దాటింది. "నాకు చెప్పొచ్చుగా," అన్నాడు ప్రభుదాసు. "చెబితే వేసుకోమనేవారు కదండీ," అంది ఆమె. అతను అవునన్నాడు.

కొత్త మాత్ర వేసుకుంటోంది. వేళ్ళు పూర్తిగా బాగవలేదు, కానీ ఏడున్నరకల్లా కత్తెర పట్టుకుంటోంది. వేడి వస్తూనే ఉంది, తడవకి తడవకి మధ్య ఎడం పెరిగింది.

ఆసుపత్రి యాజమాన్యం ఊరుకోలేదు. ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేసింది. ఆ సంఘం పదిహేను రోజులు కూర్చుని, లోపం ఎక్కడ జరిగిందో తేల్చింది. డాక్టర్ శాలినికి మెమో ఇచ్చారు. అభియోగం ఒకే వాక్యం: అనుమతి లేకుండా, పనివేళల్లో, రోగి చెప్పింది చివరిదాకా విన్నందుకు.